ఒకసారి జీపు కింద చూడండి సార్
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం ఎందుకు కలుసుకుంటామో మీకు వేరే చెప్పనవసరం లేదు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, పెన్షను ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు, చేసిన సేవకు హక్కుగా రావలసినదని తేల్చింది. ఏటా ఈ సభలో డి.ఏ. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈసారి కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. చెబుతాను. కాకపోతే మనిషి ఆరోగ్యం కాదు, ఒక పాత కారు మోకాళ్ళ ఆరోగ్యం. నవ్వుతున్నారు గానీ, చివర మనవి చేయబోయే సంగతి నవ్వుకునేది కాదు. దయచేసి ఓపికగా వినండి.

మా ఇంట్లో 1986 నాటి ప్రీమియర్ పద్మిని కారొకటి ఉంది. 1997లో జి.పి.ఎఫ్. డబ్బు కొంత తీసి సెకండ్ హ్యాండులో కొన్నాను. గేరు స్టీరింగ్ పక్కనే ఉండే రకం. అమ్మాయిని పరీక్షలకు తీసుకుపోయింది అదే, మా అత్తగారిని అర్ధరాత్రి బెంగుళూరు ఆసుపత్రికి చేర్చింది అదే. ఈ కారు పుట్టుక ఇటలీలో. ఫియట్ వాళ్ళు 1953లో తెచ్చిన 1100 మోడలును బొంబాయిలో కుర్లా ఫ్యాక్టరీలో ప్రీమియర్ కంపెనీ తయారు చేసింది. 1974 నుంచి దానికి చిత్తోడు రాణి పద్మిని పేరు పెట్టారు. ఆ రోజుల్లో డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే గానీ చేతికొచ్చేది కాదు. బొంబాయి నలుపు పసుపు టాక్సీల్లో చివరి పద్మిని గడువు కూడా 2023 అక్టోబరులో తీరిపోయింది.

సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకు చెల్లుతుంది. తర్వాత బండిని చూపించి అయిదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. మనం ఏటా బతికే ఉన్నామని రుజువు చూపిస్తున్నామే, అటువంటిదే. మా పద్మినికి 2021లో ఆ వంతు వచ్చింది. పరీక్ష చేసిన అధికారి స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి, ముందు చక్రాన్ని కాలితో ఒక తన్ను తన్ని, "పెద్దాయనా, ఫ్రంట్ ఎండ్ మొత్తం లూజుగా ఉంది. బాగు చేయించుకుని రండి" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. అప్పటికే యాభై కిలోమీటర్ల వేగం దాటితే స్టీరింగ్ వణికేది. గుంటలో పడితే 'ఠక్' మని శబ్దం వచ్చేది. టైర్లు లోపలి అంచున మాత్రమే అరిగిపోయేవి.

మా అబ్బాయి ఫోనులో, "నాన్నా, తుక్కుకు వేసేయండి, కొత్తది తీసుకుందాం" అన్నాడు. ఊళ్ళో రెండు మూడు షెడ్లకు తీసుకుపోతే, కుర్రవాళ్ళు కిందికి వంగి చూసి, "దీని సామాన్లు దొరకవు సార్" అన్నారు. వాళ్ళనీ అనడానికి లేదు. 2019 నుంచి మన పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవుతున్నాయి. ఇప్పటి కార్ల ముందు భాగంలో కింగ్‌పిన్ ఉండదు, గ్రీజు పెట్టే నిప్పిల్ ఉండదు. అన్నీ సీలు వేసి వస్తాయి, పాడైతే తీసి పారేసి కొత్తది వేస్తారు. చూడని జబ్బుకు వైద్యం చేయమంటే ఆ పిల్లలేం చేస్తారు?

అప్పుడు నాకొక పాత డ్రైవరు గుర్తొచ్చాడు. 1983 ప్రాంతంలో జిల్లాకు పడమటి దిక్కున ఒక కార్యాలయంలో నేను గుమాస్తాను, ఆయన జీపు డ్రైవరు. పేర్లు వద్దులెండి. 1999లో రిటైరై సొంత ఊళ్ళో ఉంటున్నాడని విన్నాను. వెళ్ళి చూస్తే ఎనభై ఏళ్ళ మనిషి, వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. కాఫీ ఇప్పించాడు. విషయం చెబితే, "నా చేతుల్లో బలం ల్యాదు సార్. మనవడు ట్రాక్టర్ షెడ్డులో పని చేస్తాండాడు. వాడు పట్టుకుంటాడు, నేను చెప్తా. మీరు గూడా కిందికి దూరాల మళ్ళ" అన్నాడు. 'మీరు గూడా' అని ఎందుకన్నాడో అప్పుడు నాకు తట్టలేదు.

ఇక పని సంగతి. ముందు చక్రం ఎలా నిలబడుతుందో రెండు ముక్కల్లో చెబుతాను. మన జీపులకు ముందు ఇనుప దూలం లాంటి ఏక్సిలూ, దాని కింద కమాన్ కట్టలూ ఉండేవి. అంబాసిడర్‌కు పొడవాటి ఉక్కు కడ్డీ మెలితిరిగి స్ప్రింగు పని చేస్తుంది. పద్మినిలో ఒక్కో చక్రానికి పైన ఒకటి, కింద ఒకటి త్రికోణాకారంలో రెండు ఆర్ములుంటాయి. వాటి ఒక కొస బాడీకి రబ్బరు బుష్‌ల మీద ఆడుతుంది, రెండో కొస చక్రం వైపు ఉంటుంది. బరువు మోసేది చుట్టల స్ప్రింగు. ఎగిరిపడకుండా ఆపేది షాకబ్జార్బరు. ఇక చక్రం ఎడమకూ కుడికీ తిరగడానికి తలుపుకు బందు ఉన్నట్టు, నిలువుగా ఒక ఉక్కు పిన్ను ఉంటుంది. అదే కింగ్‌పిన్. దానికి పైనా కిందా బుష్‌లు. ఆ బుష్‌లు అరిగితే చక్రం వదులైన తలుపులా ఊగుతుంది.

మొదట రోగ నిర్ధారణ. పెద్దాయన స్టూలు వేసుకుని కూర్చుని, మనవడి చేత జాకీ పెట్టించి చక్రం లేపించాడు. గడియారంలో 12, 6 ఉండే చోట చక్రాన్ని రెండు చేతులా పట్టి ఊపమన్నాడు. ఆట కనబడింది. "ఇప్పుడు సార్‌ను బ్రేకు తొక్కమను" అన్నాడు. బ్రేకు తొక్కితే ఆట పోయిందంటే అది చక్రం బేరింగుది. తొక్కినా ఆట ఉందంటే కింగ్‌పిన్‌ది. మాది పోలేదు. తర్వాత 9, 3 దగ్గర పట్టి ఊపించాడు. అక్కడ ఆట ఉంటే టై రాడ్ ఎండ్లను కూడా అనుమానించాలట. ఒక పైసా ఖర్చు లేకుండా, అయిదు నిమిషాల్లో లోపం ఎక్కడుందో తేలిపోయింది. నా ముప్పై ఏడేళ్ళ సర్వీసులో వాహనాల మరమ్మతు ఫైళ్ళు ఎన్నో చూశాను. ఈ పరీక్ష ఏ నోట్ ఫైల్లోనూ చదవలేదు.

స్ప్రింగు విప్పడం ప్రమాదకరమైన పని. కారు బరువుతో నలిగి కూర్చున్న స్ప్రింగు ఒక్కసారి వదిలితే తూటాలా వస్తుంది. బాడీ కింద గట్టి స్టాండ్లు పెట్టించి, కింది ఆర్ముకు జాకీ ఆనించి, స్ప్రింగుకు లావాటి గొలుసు చుట్టి బాడీకి కట్టించి, అప్పుడు జాకీని వేలెడు వేలెడు చొప్పున దింపించాడు. నేను కుతూహలం కొద్దీ తల ముందుకు పెట్టాను. ఎనభై ఏళ్ళ మనిషి నా చొక్కా కాలరు పట్టి వెనక్కి లాగాడు. "సార్, తల ఆడ పెట్టొద్దు. ఇది ఫైలు కాదు" అన్నాడు.

మరుసటి రోజు నన్ను గోనెపట్టా పరిచి బండి కిందికి దూరమన్నాడు. కిరసనాయిలు, బ్రష్షు ఇచ్చి మట్టి కడగమన్నాడు. డెబ్బై ఏళ్ళ వయసులో వెల్లకిలా పడుకుని మొదటిసారి ఒక వాహనాన్ని కింది నుంచి చూశాను. మన జిల్లా వానలు మీకు తెలియనివి కావు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు. బురద తక్కువ గానీ దుమ్ముకు కొదవ లేదు. ఆ దుమ్ము జిడ్డుతో కలిసి బొటనవేలంత మందాన పేరుకుని ఉంది. చిదిమి చూస్తే ఉప్పుకాగితంలా గరగరమంది.

కింగ్‌పిన్ బయటికి రావడానికి ఒక పూట పట్టింది. బిగింపు పిన్ను తీసి, కిరసనాయిలు పోసి, సమ్మెటతో కొడితే గానీ కదల్లేదు. వచ్చాక చూస్తే ఒక పక్క అర్ధచంద్రాకారంలో అరిగి ఉంది. గ్రీజు చుక్క లేదు, తుప్పు పొడి రాలింది. నేను ఆశ్చర్యపోయాను. ఎందుకంటే ప్రతి సర్వీసింగుకూ 'గ్రీజింగ్' అని బిల్లు కట్టిన వాణ్ణి. రసీదులన్నీ తేదీల వారీగా ట్యాగు వేసి ఉంచాను. పెద్దాయన పాత బుష్‌ను వెలుతురుకు పెట్టి చూసి, మనవడికి చూపించాడు. బుష్‌కు ఒక చిన్న రంధ్రం ఉంటుంది. పైన నిప్పిల్ రంధ్రానికి అది సూటిగా రావాలి. ఎప్పుడో ఎవరో బుష్ మార్చినప్పుడు దాన్ని పక్కకు తిప్పి కొట్టారు. గన్‌తో పెట్టిన గ్రీజంతా అంచుల్లోంచి బయటికొచ్చిందే తప్ప లోపలికి చుక్క పోలేదు. "బిల్లు ఉంది సార్. లోపల గ్రీజు ల్యాదు" అన్నాడు పెద్దాయన.

కాస్సేపు ఊరుకుని, తల ఎత్తకుండా, "మన జీపుకు గూడా ఇట్లనే. దానికి రంధ్రం సరిగానే ఉన్యా. గ్రీజే ల్యాకపోయ" అన్నాడు.

సోదరులారా, అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్ళ కిందటి ఫైలు కళ్ళ ముందు నిలిచింది.

అవి వరుస కరువు రోజులు. కరువు పనుల తనిఖీకి ఆ జీపు వారంలో ఆరు రోజులు తిరిగేది. తిరిగేదెక్కడ? కరువు పనుల కింద వేసిన మట్టి రోడ్ల మీదా, వేదవతి హగరి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు ఇసుక దిబ్బల మీదా. పొదుపు చేయమని పై నుంచి సర్క్యులరు వచ్చింది. వాహనాల సీటు నాది. డ్రైవరు నెలకు ఇంత గ్రీజు కావాలని ఇండెంటు పెడితే, నేను దాన్ని సగానికి పైగా కోసి, 'గత సంవత్సరపు వినియోగంతో పోల్చగా అధికము' అని రాశాను. గత సంవత్సరం ఆ జీపు ఎక్కువ కాలం షెడ్డులోనే ఉందన్న సంగతి నేను లాగ్ బుక్కులో చూడలేదు. అయిదారు నెలల తర్వాత కమాన్ కట్టల షాకిల్ బుష్‌లు అరిగిపోయి, మార్పించాలని అంచనా వచ్చింది. 'ఇటీవలనే మార్చిన భాగములు ఇంత స్వల్ప కాలములో అరుగుట డ్రైవరు అశ్రద్ధను సూచించుచున్నది' అని రాసింది కూడా నేనే. ఆయన జీతం నుంచి 112 రూపాయల 50 పైసలు మూడు వాయిదాల్లో రికవరీ అయింది. నా నోటు చక్కగా ఉందని మెచ్చుకున్నారు కూడా.

ఆ రోజు ఆయన నా టేబులు ముందుకొచ్చి నిలబడ్డాడు. గొడవ చేయలేదు. "ఒకసారి జీపు కింద చూడండి సార్" అన్నాడు, అంతే. నేను తెల్ల ప్యాంటు వేసుకుని ఉన్నాను. "చూడాల్సినవి కాగితాల మీద ఉన్నాయిలే" అన్నాను.

విల్లీస్ జీపు షాకిల్ బుష్‌లు మరలున్న రకం. వాటికి వెయ్యి మైళ్ళకొకసారి గ్రీజు పెట్టాలని కంపెనీ పుస్తకంలోనే ఉంటుంది. దుమ్ములో, ఇసుకలో తిరిగే బండికి ఇంకా ముందే పెట్టాలి. గ్రీజు రెండు పనులు చేస్తుంది. ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా చూస్తుంది. కొత్త గ్రీజు లోపలికి పోతున్న కొద్దీ పాతదాన్ని, దానితో పాటు ఇసుకను బయటికి నెడుతుంది. గ్రీజు కోసిన చేయి, అరిగినందుకు శిక్ష రాసిన చేయి ఒకటేనని ఆ బండి కింద పడుకుని ఉండగా నాకర్థమయింది. రెండు కాగితాలూ ఒకే అలమారలో, రెండు వేర్వేరు ఫైళ్ళలో ఉండేవి. వాటిని పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు, నాతో సహా.

నేను బయటికొచ్చి, "అన్నా, ఆ రికవరీ నావల్ల జరిగింది" అన్నాను. ఆయనకు తెలుసు. నాకు తెలియని సంగతి ఆయన చెప్పాడు. ఆ మరమ్మతు ఖర్చు మీద ఒక ఆడిట్ అభ్యంతరం అలాగే మిగిలిపోయిందట. 1999లో ఆయన రిటైరైనప్పుడు, అది పరిష్కారం కాలేదన్న కారణంతో గ్రాట్యుటీ ఏడాదిన్నర ఆగిందట. ఆ మధ్యలోనే కూతురి పెళ్ళి. రెండెకరాల శెనక్కాయ చేను అమ్మాడు. 112 రూపాయల 50 పైసలు ఎప్పుడో కట్టేసిన మనిషి!

నాకు నోట మాట రాలేదు. ఆయనే, "రాయడం మీ పని సార్. దానికి నేనేమీ అనుకోల్యా. చూడకుండా రాస్తిరే, అదొక్కటి బాధయ్య" అన్నాడు. తర్వాత మనవడి వైపు తిరిగి, "ఏమప్పా, ఆ బుష్ ఎత్తుకో, లేతు మూసేస్తారు" అన్నాడు.

మిగిలిన పని వారం పట్టింది. కింగ్‌పిన్ సెట్టు, ఆర్ము బుష్‌లు బెంగుళూరు జె.సి. రోడ్డులో పాత స్టాకులో దొరికాయి. కొత్త బుష్‌ను కొట్టి ఎక్కించగానే అయిపోదు. బిగువుకు దాని లోపలి కొలత కొంచెం ముడుచుకుంటుంది. లేతు షాపులో రీమరు తిప్పించి, పై బుష్‌నూ కింది బుష్‌నూ ఒకే గీతలోకి తెప్పించాలి. కొత్త పిన్ను చేత్తో తోస్తే బిగువుగా జారాలి, ఆడకూడదు. ఎక్కించే ముందు గ్రీజు రంధ్రంలోంచి సన్నని తీగ దూర్చి, అవతలికి వచ్చిందో లేదో నాచేతే చూపించాడు. రెండు పక్కలా, నాలుగు బుష్‌లకూ నాచేతే.

రబ్బరు బుష్‌ల దగ్గర ఇంకో పాఠం. జాకీ మీద ఉండగానే బోల్టులు పూర్తిగా బిగిస్తే, కారు దిగగానే రబ్బరు మెలిపడి కొద్ది నెలల్లోనే చిరిగిపోతుంది. అందుకని వదులుగా పెట్టి, చక్రాలు వేసి, బండిని నేలకు దింపి, దాని బరువు దాని కాళ్ళ మీద పడ్డాక అప్పుడు బిగించాలి. తీసిన స్ప్లిట్ పిన్నులు మళ్ళీ వాడకూడదు, కొత్తవి వేయాలి. ఒక పక్క మార్చి రెండో పక్క వదిలేయకూడదు. చివరికి వెనక చక్రం నుంచి ముందు చక్రానికి దారం లాగి, ముందు చక్రాల మధ్య దూరం వెనక అంచుల కంటే ముందు అంచుల్లో రవ్వంత తక్కువ ఉండేట్టు టై రాడ్లు తిప్పించాడు. తర్వాత పట్టణంలో కంప్యూటరు అలైన్‌మెంటుకు తీసుకుపోతే, తేడా చాలా స్వల్పమన్నారు. గుమాస్తా బుద్ధి పోదు గనుక లెక్క కూడా చెబుతాను. మొత్తం ఖర్చు 18,640 రూపాయలు. పెద్దాయన కూలి తీసుకోలేదు. మనవడికి మాత్రం ఇవ్వనిచ్చాడు.

పరీక్షలో కారు నెగ్గింది. కాగితం చేతికొచ్చిన రోజున బండి తీసుకుని ఆయన ఊరికి పోయి తాళం చేతిలో పెట్టాను. కళ్ళు బాగానే కనిపిస్తాయి గానీ లైసెన్సు ఎప్పుడో చెల్లిపోయిందని వద్దన్నాడు. మనవడు నడిపాడు. పెద్దాయన ముందు సీట్లో కూర్చుని, రోడ్డు వైపు కాకుండా స్టీరింగ్ మీది మనవడి చేతుల వైపే చూశాడు. గుంట వచ్చింది. శబ్దం రాలేదు. "ఊఁ" అన్నాడు.

2023 ఏప్రిల్ ఒకటి నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్లు రద్దయ్యాయి. మన కాలం నాటి జీపులు అంతకు ఎంతో ముందే వేలంలో పోయాయి. జీపు పోయింది, ఫైలూ పోయింది. ఆ రెండెకరాలు మాత్రం తిరిగి రాలేదు. దానికి నేనిప్పుడు చేయగలిగింది లేదు. ఆ కార్యాలయంలో పనిచేసిన వాళ్ళు ఈ సభలో కొందరున్నారు. ఆ బుష్‌లు అరిగింది డ్రైవరు అశ్రద్ధ వల్ల కాదని, అప్పట్లో ఆ నోటు రాసిన గుమాస్తాగా మీ అందరి ముందూ చెబుతున్నాను. ఇది మన సంచికలో అచ్చు వేయమని కార్యదర్శిగారిని కోరుతున్నాను. ఎందుకంటే అప్పుడు కాగితం మీద పెట్టాను గనుక ఇప్పుడూ కాగితం మీదే తీసేయాలి.

ఇంకొక మనవి. మన సంఘంలో నోటు రాయడం తెలిసిన వాళ్ళం చాలామందిమి ఉన్నాం. డ్రైవర్లు, అటెండర్లు, వాచ్‌మన్లు రిటైరవుతున్నప్పుడు, వారు పోయాక వారి భార్యలు ఫ్యామిలీ పెన్షనుకు తిరుగుతున్నప్పుడు, ఏ పాత అభ్యంతరం ఎక్కడ ఆగి ఉందో వారికి తెలియదు. మనకు తెలుసు, రాసింది మనమే గనుక. నెలకొక పూట సంఘం ఆఫీసులో కూర్చుని ఆ కాగితాలు చూసిపెడదాం. మంగళవారం ఉదయం నేను కూర్చుంటాను. ఇంకా ఇద్దరు ముగ్గురు ముందుకొస్తే సంతోషం.

పద్మిని బయట వేపచెట్టు కింద ఆగి ఉంది. ముందు చక్రం చూడాలనుకునే వారు చూడవచ్చు. గోనెపట్టా డిక్కీలోనే ఉంది.